నల్లా దగ్గర నేను రాసిన చట్టం

చంద్రపూర్,
వైశాఖ మాసం, మంగళవారం మధ్యాహ్నం

చిరంజీవి చెల్లెలు స్వరూపకు,

నీ అక్క రాజేశ్వరి వేయి దీవెనలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ బావ, చిన్నది సంధ్య మంచిగానే ఉన్నాం. ఎండ ఒక్కటే మంచిగా లేదు. అమ్మ మోకాలు నొప్పి ఎట్లా ఉంది? బాపు బీడీలు మానేశాడా, లేక పశువుల కొట్టం వెనక నిలబడి తాగుతున్నాడా? "అందరం క్షేమం" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకు. ఎవరికి జలుబు చేసింది, ఎవరు అలిగారు, ఏ బర్రె ఈనింది, అన్నీ రాయి. నేను ఒకటికి పదిసార్లు చదువుకుంటాను.

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. చదివి మొదట నవ్వుకున్నాను, తర్వాత బాధ పడ్డాను. బి.ఎ.లో నేను రాసుకున్న రాజనీతి నోటుబుక్కు నీకు ఇచ్చాను కదా. పెళ్లి కుదిరి నేను చదువు ఆపేసిన పేజీ దగ్గరే నువ్వూ ఆగిపోయావట. "రాజ్యం అంటే ఏమిటి? మనం దానికి ఎందుకు లోబడాలి?" అని ప్రశ్న రాసి, కింద గీత గీసి, జవాబు రాయకుండా వదిలేశాను. నీకు ఒక్క ముక్కా ఎక్కడం లేదని, ఆ పేపరు వదిలేస్తానని రాశావు. వదలకు. ఆ ప్రశ్నకు జవాబు అప్పుడు నాకూ తెలియదు. ఇక్కడికి వచ్చాక, మా నల్లా దగ్గర కొంచెం కొంచెంగా తెలిసింది. ఒక తప్పు చేసి మరీ తెలుసుకున్నాను. అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఆ భాగం దాటెయ్యమని రాద్దామనుకున్నాను. మళ్లీ ఎందుకులే అనిపించింది. అంతా చదువు.

నువ్వు ఈ ఇల్లు చూడలేదు కాబట్టి చెప్తాను. మేం ఉండేది బొగ్గు గని క్వార్టర్లలో. మా వరుసలో ఇరవై నాలుగు ఇళ్లు. ఎక్కువమంది మన దిక్కు నుంచి గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్లు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, పిల్లల బడిలో మరాఠీ. మా వరుసలో తెలుగు మాట్లాడని పిల్ల లేదు, తెలుగు అక్షరం గుర్తుపట్టే పిల్లా లేదు. పెద్దవాళ్లలో ఆడవాళ్లు చాలామంది బడి మొహం చూడలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకు గనిలో రాయి పేలుస్తారు. వంటింట్లో గిన్నెలన్నీ ఒక్కసారి గలగలమంటాయి. ఆ తర్వాత క్వార్టర్లన్నీ మగతలో పడతాయి. కూలర్‌కు కట్టిన వట్టివేళ్ల వాసన, దాని హోరు, కిటికీలోంచి చూస్తే దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. ఆ పొగ ఎటూ పోకుండా ఆకాశంలోనే నిలబడి ఉంటుంది. నేను నిద్రలో ఉన్నానో, మెలకువలో ఉన్నానో నాకే తెలియదు. అమ్మ పిలిచినట్టు వినపడుతుంది. "ఆ, వస్తున్నా" అని లేస్తాను. లేచి చూస్తే పక్కన సంధ్య తప్ప ఎవరూ ఉండరు. అప్పుడు ఏడుపొస్తుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. బల్లార్షాలో రైలెక్కితే పూట గడవక ముందే మన మంచిర్యాల వస్తుంది. అయినా పరాయి రాష్ట్రం పరాయి రాష్ట్రమే. మీరు మాత్రం బెంగ పెట్టుకోకండి, నేను మంచిగానే ఉన్నాను.

ఎండాకాలం వచ్చిందంటే ఇళ్లలో నల్లాలు ఎండిపోతాయి. వరుస చివరన ఉన్న ఒక్క నల్లాకే నీళ్లొస్తాయి, అదీ మధ్యాహ్నం మూడింటికి, గంటసేపు. ఒక్కోరోజు గంట కూడా ఉండదు. నేను కాపురానికి వచ్చిన ఏడాది ఆ నల్లా దగ్గర రాజూ లేడు, చట్టమూ లేదు. బుచ్చవ్వ ఉండేది. ఆమె భర్త గనిలో డంపర్ నడుపుతాడు. ఇంట్లో తొమ్మిది మంది. ఆమె చెయ్యి ఒక్కటి నా రెండు చేతులంత. ఆమె వచ్చి నిలబడితే అందరి బిందెలూ వాటంతట అవే పక్కకు జరిగేవి. మిగిలిన వాళ్లం మిగిలిన నీళ్ల కోసం జుట్లు పట్టుకునేవాళ్లం. నేను కూడా ఒకసారి పట్టుకున్నాను, ఇది ఒక్కటి మాత్రం అమ్మకు చదవకు. పైన ఎవరూ లేకపోతే మనుషులు ఒకరికొకరు భయపడుతూ బతకాల్సిందేనని నోట్సులో ఒక పెద్దమనిషి మాట ఉంది చూడు. క్లాసులో అది వింటూ నేను ఆవలించాను. ఇక్కడ గాజులు పగిలాక అర్థమైంది.

ఎంత బలమున్నా కన్ను మూతపడక మానదు కదా. ఒకరోజు బుచ్చవ్వ గని పేలుడు విని, ఇంకా టైముందిలే అని నడుం వాల్చింది. లేచేసరికి నాలుగు. ఒక్కరం కూడా లేపలేదు. ఆ రోజు తొమ్మిది మందికీ తాగడానికి నీళ్లు లేవు. మర్నాడు ఆమే అందరినీ పిలిచింది. "గిట్ల గాదు. మనం కుక్కలమా, దినాం కొట్లాడుడేంది? ఓ పద్ధతి పెట్టుకుందం" అంది. బలం లేనివాళ్లు భయంతో పద్ధతి అడిగితే ఎవరు వింటారు? బలమున్న మనిషికి కూడా భయం తెలిసిన రోజున మా నల్లా దగ్గర ఒప్పందం పుట్టింది. ఎవరూ ఎవరినీ కొట్టకూడదు, అందరూ ఒక పద్ధతికి లోబడాలి, బదులుగా అందరికీ నీళ్లు. నీ పుస్తకంలో సామాజిక ఒప్పందం అని పెద్ద పేరుతో ఉన్నది ఇదే.

పొద్దున్నే ఎవరి ఇంటి ఖాళీ చెంబు వాళ్లు వరుసలో పెట్టి పోవాలి. చెంబు ఉంటే మనిషి ఉన్నట్టే. నీళ్లు రాగానే ఆ వరుస ప్రకారం పట్టుకోవాలి. ఇంతవరకు అందరూ సరే అన్నారు. ఇంటికి ఎన్ని బిందెలు అన్నచోట మళ్లీ గొడవ. ఇంటికి నాలుగే అంటే బుచ్చవ్వ ఊరుకోలేదు. "ఇద్దరున్న ఇంటికి నాలుగు, తొమ్మిది మందున్న ఇంటికి నాలుగు. గిదేం న్యాయం?" అంది. తలకు ఇంత అని పంచితే ప్రతి ఇంట్లోనూ రాత్రికి రాత్రి చుట్టాలు పుట్టుకొస్తారు. సమానంగా పంచడం, న్యాయంగా పంచడం ఒకటి కాదని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజుల్లోనే మగతలో నాకు ఒక కల లాంటిది వచ్చింది. వరుసలో అన్ని తలుపులూ ఒకే రంగు, ఒకే తాళం. నా ఇల్లు ఏదో మర్చిపోయాను. ఏ తలుపు తెరుచుకుంటే అందులోనే బతకాలి. తొమ్మిది మంది ఇల్లో, ముసలామె ఒక్కతే ఉండే ఇల్లో. అట్లా తెలియకుండా నిలబడి నీళ్లు పంచమంటే నేను ఎట్లా పంచుతాను? మేలుకున్నాక కూడా చాలాసేపు దాని గురించే ఆలోచించాను. చివరికి ఇంటికి నాలుగు, ఆరుగురికి మించితే ఇంకొకటి అని తేల్చాం. బుచ్చవ్వ సణుగుతూనే ఒప్పుకుంది.

ఓదెలవ్వ సంగతి కూడా చెప్పాలి. భర్త పోయిన ముసలామె. కొడుకు పేరు మీద ఉన్న క్వార్టర్లో ఉంటుంది. కొడుకు డ్యూటీకి దగ్గరని ఎక్కువ రోజులు వేరే చోటే ఉంటాడు. ఆమె తన నాలుగో బిందె తీసుకుపోయి మల్లెచెట్టుకు పోస్తుంది. మనుషులకే లేకుంటే చెట్టుకా అని అందరూ మీద పడ్డారు. ఆమె బిందె దించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నా వంతు నాది. తాగుత, పారబోస్త, చెట్టుకు పోస్త. నడుమ మీకేంది?" అంది. స్వేచ్ఛ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ ముసలామె నడుం మీది చెయ్యే గుర్తొస్తుంది. ఆమె పోసుకుంటే పోసుకోనీ అన్నాం. ఇప్పుడు సాయంత్రాలు వరుసంతా మల్లెల వాసన, తిట్టిన వాళ్లే తలలో పెట్టుకుంటున్నారు.

ఇదంతా కాగితం మీద రాయమని నన్నే అడిగారు. "నువ్వు కాలేజీల సదివినవు గద రాజక్కా." పాత క్యాలెండర్ వెనక గుండ్రటి అక్షరాలతో అయిదు వాక్యాలు రాసి, మైదా పిండితో నల్లా పక్కన గోడకు అతికించాను. మొదటి వాక్యం నాకు బాగా నచ్చింది. "ఈ నల్లా దగ్గరికి వచ్చే ప్రతి ఇంటికీ వంతు ఉంటుంది." ఎంత బాగుంది అని రెండుమూడు సార్లు నాలో నేనే చదువుకున్నాను. అతికించాక తెలిసింది, అది చదవగలిగింది వరుస మొత్తంలో నేను ఒక్కదాన్నే. పిల్లలు వచ్చి చూసి, అవి జిలేబీలని నవ్విపోయారు. మరాఠీలో కూడా రాయించాల్సింది. తోచలేదని అంటే సగం అబద్ధం. రోజూ ఎవరో ఒకరు వచ్చి "కాగితంల ఏమున్నది రాజక్కా?" అని అడుగుతుంటే నాకు బాగుండేది. నేను కళ్లు పైకెత్తి చదివి చెప్పేదాన్ని. నేను చెప్పిందే చట్టం. ఎవరూ తెలియని ఊళ్లో ఒక్కసారిగా నాకు పెద్దరికం వచ్చింది, చెల్లె. ఆ రోజుల్లో అమ్మ పిలిచినట్టు కూడా వినపడలేదు.

ఈ ఎండాకాలం మల్లుబాయి వచ్చింది. మా వరుస వెనక మురికినీళ్లు పారే నాలా అవతల కొత్తగా గుడిసెలు పడ్డాయి. ఇక పర్మినెంటు కొలువులు ఉండవట, కొత్త పాలసీ అట, పనులన్నీ కాంట్రాక్టర్లకే ఇస్తారట. మీ బావ కూడా రోజూ ఇదే మాట. ఆ కాంట్రాక్టరు కింద కూలీకి వచ్చినవాళ్ల గుడిసెలే అవి. మల్లుబాయిది రెండు రాష్ట్రాల సరిహద్దులో జివతి గుట్టల మీది ఊరు, తెలుగు మాట్లాడుతుంది. మొదటిరోజు నల్లా దగ్గర నన్ను పలకరించి నవ్వింది. "మా ఊరు మాదంటే మాదని రెండు సర్కార్లు కొట్లాడుతయక్కా. ఓట్లప్పుడు రెండు దిక్కులకెళ్లి జీపులొస్తయ్. నీళ్ల టాంకరు ఏ దిక్కుకెళ్లి రాలే" అంది. ఇద్దరు రాజులున్నా దాహం తీరని ఊరు గురించి నా నోట్సులో ఎక్కడా లేదు. ఆమె తన సొట్టల చెంబు మా వరుస చివర పెట్టింది.

ఆ రోజు సంధ్యకు జ్వరం. నా చెంబు ఇరవై రెండో స్థానంలో ఉంది. నీళ్లు సన్నగా వస్తున్నాయి. వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. "గుడిసెలోల్లు ఒక్కలొస్తే రేపు అందరొస్తరు" అని ఎవరో అన్నారు. బుచ్చవ్వ నా దిక్కు తిరిగింది. "రాజక్కా, కాగితంల గుడిసెలోల్లకు ఉన్నదా?"

నేను గోడ దగ్గరికి పోయాను. నా చేతి అక్షరాలు ఎదురుగా ఉన్నాయి. వచ్చే ప్రతి ఇంటికీ. సన్నటి ధార చూశాను, జ్వరంతో మూలిగే పిల్ల గుర్తొచ్చింది, రేపు గుడిసెల చెంబులన్నీ నా చెంబుకు ముందే వచ్చి కూర్చుంటే అనిపించింది. "క్వార్టర్ల వాళ్లకు మాత్రమే అని ఉంది" అని చదివాను.

మల్లుబాయి గొడవ పడితే బాగుండేది. వంగి చెంబు తీసుకుంది. "కాగితంల గట్లుంటే ఏం జేస్తం తియ్యక్కా" అని వెళ్లిపోయింది. నాకు లోబడలేదు ఆమె, కాగితానికి లోబడింది. ఆ కాగితంలో ఆమె ఇంటికీ వంతు ఉంది. ఆ రోజు నాకు నాలుగు బిందెలూ దొరికాయి. ఆ నీళ్లతోనే సంధ్య నుదుటి మీద తడిగుడ్డ వేశాను. సాయంత్రం మీ బావకు చెప్పాను. "రెండు బిందెల నీళ్లకు గింత ఆలోచనేంది? రేపు నీ వంతుల నుంచి ఇచ్చిరా, అయిపాయె" అన్నాడు.

అదే చేశాను. మర్నాడు రెండు బిందెలు మోసుకుని నాలా దాటి ఆమె గుడిసెకు పోయాను. కూర్చోమని గోనెపట్ట వేసింది. నీళ్లు మాత్రం తీసుకోలేదు.

"గివి నీ నీళ్లక్కా. నీకు మనసున్నప్పుడు తెస్తవు, లేనప్పుడు తేవు. నేను దినాం నీ తలుపు దిక్కు సూసుకుంట కూసోవాల్నా? నాకు వంతు ఉన్నదా లేదా, గంతే జెప్పు."

ఉంది అని అక్కడే చెప్పాల్సింది. చెప్పలేక బిందెలు మళ్లీ మోసుకుని వచ్చాను. దానం వేరు, హక్కు వేరు అని నీ పుస్తకంలో ఉంటే దాని పక్కన నా పేరు రాసుకో.

నాలుగు రోజులు, రేపు చెప్దాంలే అని దాటేశాను. నిజం చెప్తే వరుసలో నా మాట ఇక ఎవరు వింటారు? ఇక్కడ నాకున్నది ఆ ఒక్క గౌరవమే. అయిదో రోజు నీళ్లు రాకముందే అందరి ముందు చెప్పేశాను. కాగితంలో ప్రతి ఇంటికీ అని ఉంది, నేను అబద్ధం చదివాను అన్నాను. తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. బుచ్చవ్వ పమిట చెంగుతో మొహం తుడుచుకుంది.

"మాకు తెల్వదనుకున్నవానే? సదివెటప్పుడు నీ కండ్లు కాగితం మీద లేవు. మాకు అచ్చరాలు రావు గని మొఖాలు సదువుడు రాదా? మేం వద్దంటే పాపం మాకు తగుల్తది. కాగితం వద్దంటే ఎవ్వలకు తగలది. గందుకే నిన్ను అడిగినం."

స్వరూపా, విన్నావా. నేనేదో అందరినీ మోసం చేశానని కుమిలిపోతుంటే, వాళ్లు నా చేత ఆ పని చేయించుకున్నారు. చట్టం పేరు చెప్పి ఎవరి చేతికీ మురికి అంటకుండా ఒక మనిషిని వెళ్లగొట్టాం, ఇరవై నాలుగు ఇళ్లవాళ్లం కలిసి.

ఓదెలవ్వ తన చెంబు మీద కర్రతో కొట్టింది. "క్వార్టర్ ఎవ్వలిదే? కొలువున్నన్ని దినాలే మనది. నా పెనిమిటి పోయిన మూడో నెల్ల ఇల్లు కాలీ జెయ్యుమని నోటీసొచ్చింది. కొడుక్కు కొలువు దొరికింది గాబట్టి గీడున్న. లేకుంటే నాలా అవుతల మొదటి గుడిసె నాదే. రేపు మీది గూడ" అంది. ఏ తలుపు ఎవరిదవుతుందో తెలియదని నాకు కలలో వచ్చిన మాట ఆమె పగటి వెలుగులో అనేసింది.

చేతులెత్తమన్నాం. గుడిసెల వాళ్లకూ వంతు ఉండాలన్న చేతులు మూడు ఎక్కువ వచ్చాయి. బుచ్చవ్వ ఎత్తలేదు. ఆమె ఏం చేస్తుందోనని అందరం ఆమె దిక్కే చూశాం. "నేను వద్దన్న. గని అవునన్నోల్లు ఎక్కువున్నరు. మాట మాటే. నా చెంబు నేనే జరుపుకుంట" అని తన చెంబును తన చేత్తోనే వెనక్కి జరిపింది. గెలిచిన వాళ్లు చట్టానికి లోబడటం పెద్ద సంగతి కాదు చెల్లె. ఓడిన బుచ్చవ్వ లోబడింది చూడు, అక్కడ నిలబడుతుంది రాజ్యం.

చివర ఉన్నవాళ్లకు నీళ్లు అందవు కాబట్టి చెంబుల వరుస మాని ఇళ్ల వరుస పెట్టుకున్నాం, మొదట క్వార్టర్లు, తర్వాత గుడిసెలు. ఈ రోజు ఎవరి దగ్గర నీళ్లు ఆగిపోతాయో, రేపు వాళ్ల తర్వాతి ఇంటితో మొదలు. నా కాగితం చించేశాను. బడి పిల్లలు మరాఠీలో పెద్ద అక్షరాలతో రాసి, వాళ్లే గట్టిగా చదివి తెలుగులో చెప్పారు. చదువు రాని వాళ్లు కంఠతా పట్టారు. ఇప్పుడు కాగితంలో ఏముందని నన్ను ఎవరూ అడగరు. కొంచెం ఒంటరిగానే ఉంది, నీ దగ్గర దాచడం ఎందుకు. మధ్యాహ్నాలు అమ్మ పిలుపు మళ్లీ వినపడుతోంది.

సరే, ఇక్కడి సంగతులు ఇవి. సంధ్యకు జ్వరం పూర్తిగా తగ్గింది, అమ్మను కంగారు పడొద్దని చెప్పు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే చింతొక్కు ఒక సీసాడు, కొత్త పసుపు కొంచెం పంపండి. బజారులో ఎస్టీడీ బూత్ పెట్టారు, మన పక్కింటి నంబరు రాసి పంపితే ఒక ఆదివారం మాట్లాడతాను. ఆ పేపరు మాత్రం వదలకు. అమ్మకు, బాపుకు నా దండాలు. వాళ్ల దీవెనలు నాకు, మీ బావకు, పిల్లకు కావాలి. పెద్దమ్మకు, మేనత్తకు అడిగినట్టు చెప్పు.

నిన్నటి సంగతి ఒక్కటి రాసి ముగిస్తాను. మొన్న నీళ్లు మా వరుసలో ఆఖరి క్వార్టర్ దగ్గర ఆగిపోయాయి. అంటే నిన్న మొదటి వంతు ఇరవై అయిదో ఇల్లు, మల్లుబాయిది. మూడింటికి పైపు దగ్గింది. ఆమె నాలుగు బిందెలతో వచ్చింది. నేను నల్లాకు అడ్డంగా నిలబడి ఉన్నాను, ఏదో ఒకటి అంటుందని, కనీసం నవ్వుతుందని. "జర జరుగక్కా" అంది. జరిగాను. నాలుగు బిందెలూ నింపుకుంది, ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని, మిగతావి మళ్లీ వచ్చి తీసుకుపోయింది. నాకు ఒక్క దండం పెట్టలేదు, ఒక్క మంచి మాట చెప్పలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని సంతోషంతో ఏడ్చాను.

ఎప్పటికీ నీ మేలు కోరే అక్క,
రాజేశ్వరి